కాడి క్రింది ధర్మము

మొదటిసారిగా ఒక కుటుంబము ప్రయాణములకై సొంతబండిని అమర్చుకొనదలచినప్పుడు దానికి రెండు వస్తువులు కావలయును. ఒకటి లాగబడునది, రెండవది లాగునది. ఈ రెంటిలో దేనిని ముందుగా ఎన్నుకొనవలయు నను ప్రశ్న పైకి బేరగాండ్ర ప్రశ్నవలె కనబడును. అందులో ఒక ధర్మవిచారము ఇమిడియున్నదని మా అభిప్రాయము. లాగునదానికి నోరులేదు గనుక దాని పక్షమున మాటాడువారెవరు అనుట ఆ విచారము. కొంచెము దూరము సాగినచో, ఇంటిలో నోరెత్తనివారి పక్షమున మాటాడువారెవరు అనుటవఱకును అది పోవును.

ఈ ప్రశ్న నేడు మన ఇండ్లలోనికి వచ్చిన త్రోవ చిత్రమైనది. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతముల తెలుగు కుటుంబములలో పలువురి బిడ్డలు బెంగుళూరులోను, అంతకంటె దూరమున అమెరికాలోను ఉద్యోగములు చేయుచున్నారు. అమెరికాలో సెలవులకు అడవులను, కొండలను, సరస్సులను చూడబోవు కుటుంబములు కొన్ని కారు వెనుక ఒక చిన్న ఇంటినే తగిలించుకొని పోవుట కలదు. దానిని వారు ట్రావెల్ ట్రెయిలరు అందురు. మేము ఇంటిబండి అందుము. అందులో పడకలుండును, పొయ్యి యుండును, నీళ్ళతొట్టి యుండును, స్నానపుగది కూడ నుండును. ఇంజను మాత్రము ఉండదు. కారో, పికప్పు లారీయో దానిని లాగవలయును. మన దేశమున ఇట్టివి ఇంకను అరుదు. కేరళ ప్రభుత్వము 2021లో కారవాన్ పర్యాటక విధానమును ప్రకటించినది గాని, సామాన్య గృహస్థుడు ధర్మపురినుండి తిరుపతికి పోవలెనన్న నేటికిని వ్యానును బాడుగకు మాటాడుకొనుటయే వాడుక. అందుచేత కుమారుడు అమెరికానుండి ఫోనుచేసి “నాయనా, ఇంటిబండి కొనదలచితిమి, ఏది కొనవలెనో తెలియకున్నది” అన్నప్పుడు, ఇక్కడి పెద్దలు “ఆ సంగతులు మాకేమి తెలియును!” అని ఊరకుందురు. అది సరికాదు. మోటారు సంగతి వారికి తెలియకపోవచ్చును. ఇంటిని చక్రములమీద పెట్టి, వేరొకదానిచే లాగించుకొని, పిల్లలతోను ముసలివారితోను కొండదారిని పోవుట ఎట్టిదో ఈ సీమవారికి తరతరములుగా తెలిసిన సంగతియే.

గూడుబండి కాలము మరీ పాతది కాదు. వెదురుబద్దలను విల్లువలె వంచి, పైని చాపలు కప్పి, లోపల వరిగడ్డి పరచి, దానిమీద జంపఖానా వేసినచో అది ఇల్లే. వెనుకతట్టున బియ్యపుమూట, పప్పుమూట, వంటపాత్రలు. ఇరుసు ప్రక్కన వ్రేలాడు కందెనగొట్టము. అడుగున ఎద్దులకు మేత. ఆడిమాసము పదునెనిమిదవనాడు కావేరీస్నానమునకు హొగేనకల్లుకు పోవువారు ధర్మపురినుండి పెన్నాగరము మీదుగా సుమారు 46 కిలోమీటర్లు పోవలెను. పెన్నాగరము దాటిన పిమ్మట అడవి. అందులో మలుపులు తిరుగుచు నదికి దిగు కనుమ. దిగుట ఒక కష్టము. మరల ఎక్కుట అంతకంటె కష్టము. అట్టి ప్రయాణమునకు బండి కట్టదలచినవాడు ముందుగా చూచునది గూటి సొగసును గాదు, ఎద్దుల మెడలను.

ఎద్దుల విషయమున ఈ జిల్లాకు ఒక ప్రత్యేకత కలదు. ఆలంబాడి జాతి యిక్కడిది. కావేరి ప్రక్క అడవులలో మేసి పెరిగిన పశువులవి, బూడిదవన్నెవి, మైసూరు సీమలోని హళ్ళికారు జాతికి దగ్గర చుట్టములు. పాలకు అవి పేరుపొందలేదు. నాగటికిని బండికిని పేరుపొందినవి. ట్రాక్టరులు వచ్చిన పిదప వీని సంఖ్య మిక్కిలి తగ్గిపోయినది. జాతి నశింపకుండుటకై తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయము ధర్మపురి జిల్లాలోనే ఒక పరిశోధనకేంద్రమును నెలకొల్పినది.

సంతలో ఎద్దులను కొనువాడు పండ్లు చూచి వయస్సు నిర్ణయించును. గిట్టలు చూచును, రొమ్ము చూచును, నడిపించి నడక చూచును. సుడులు కూడ చూచువారు కలరు. ఆ పట్టింపులను మేము సమర్థింపము. జోడి కుదురుటయే ముఖ్యము. దాపటి ఎద్దును వలపటి ఎద్దును ఎత్తునను నడకయందును సరిపోలనిచో రెండును చెడును. ఇవన్నియు అయిన తరువాత బరువు వేసిన బండికి కట్టి, పదిమంది యెదుట మిట్ట ఎక్కించి చూచిన గాని బేరము ముగియదు. ధరను మాత్రము తుండుగుడ్డ క్రింద వ్రేళ్ళు పట్టుకొని రహస్యముగా మాటాడుకొందురు. ధర దాపరికము, బలము బహిరంగము. నేటి మోటారు అంగడిలో ఇది తలక్రిందులైనది. ధర గోడలమీద పెద్ద అక్షరములతో నుండును. నెలవాయిదా అంతకంటె పెద్ద అక్షరములతో నుండును. బలము సంగతియో, చోదకుని తలుపు తెరచి, దాని చట్రమునకు అంటించిన చిన్న చీటిని వంగి చదివినవానికి మాత్రమే తెలియును.

ఆ చీటిని గూర్చి కొంత వివరముగా చెప్పవలసియున్నది. కారు ఎంత బరువును లాగగలదో తెలుపు సంఖ్య యొకటి ప్రకటనలలో కనబడును. కుటుంబములు చాలమట్టుకు ఆ సంఖ్యనే నమ్మి ఇంటిబండిని కొందురు. లాగుట వేరు, మోయుట వేరు. ఇంటిబండి ముందుభాగము కారు కొక్కెముమీద ఆనుకొనియుండును. బండి మొత్తపు బరువులో నూటికి పదినుండి పదునైదు పాళ్ళు ఆ కొక్కెముమీద దిగును. అమెరికావారు దీనిని నాలుక బరువందురు. మనము నొగ బరువనవచ్చును. ఈ నొగ బరువును కారు లాగుట లేదు, మోయుచున్నది. కారులోని మనుష్యులను, పెట్టెలను, నొగ బరువును కలిపి ఎంతవఱకు మోయవచ్చునో చెప్పునదే తలుపుదగ్గఱి చీటి.

నొగ బరువును తగ్గించుకొనుటకై సామానులను వెనుకకు జరుపుదమన్న అదియు ప్రమాదమే. వెనుక బరువెక్కిన ఇంటిబండి వేగమున పోవునప్పుడు పాముతోకవలె అటునిటు ఊగి కారునే త్రిప్పివేయును. ఈ శాస్త్రము బండివానికి పుస్తకము లేకయే తెలియును. బరువు ముందునకు మొగ్గినచో కాడి ఎద్దుల మెడలను నొక్కి పుండ్లు చేయును. వెనుకకు మొగ్గినచో కాడి పైకిలేచి మెడపట్టెడ గొంతునకు బిగియును. అందుచేత మూటలను సర్దిన పిమ్మట అతడు నొగను ఒక చేతితో ఎత్తిచూచును. కొంచెము బరువుగా తోచినచో సరి. తేలికగా లేచినచో మరల సర్దును. ఆ ఒక్క చేయి చేయు పనికే అమెరికాలో నేడు ప్రత్యేకమైన త్రాసులు అమ్ముచున్నారు.

ఇప్పుడొక కుటుంబమును ఊహింతము. భార్యాభర్తలు, ఇద్దరు బిడ్డలు, స్వదేశమునుండి ఆరునెలలు ఉండిపోవుటకు వచ్చిన తాత, అవ్వ. వారి కారు 5,000 పౌన్లు, అనగా సుమారు 2,270 కిలోలు లాగగలదని ప్రకటన. ఆ సంఖ్యను తేల్చు పరీక్షలో కారులో ఇద్దరు మనుష్యులే ఉన్నట్లు లెక్కింతురనుటను ఎవరును చదువరు. ఇంటిబండి ఉత్త బరువు 1,700 కిలోలు. ఇంకను 570 కిలోల ఎడమున్నదని సంతోషించి కొందురు. ఉత్త బరువనగా నీరు లేనిది, పాత్రలు లేనిది, పక్కబట్టలు లేనిది. తొట్టిలో 150 లీటర్ల నీరు పోసినచో 150 కిలోలు. గ్యాసుబండలు, బ్యాటరీ, వంటపాత్రలు, బియ్యము, మడతకుర్చీలు, పిల్లల సైకిళ్ళు కలిసి 250 కిలోలనుకొందము. దక్షిణదేశపు కుటుంబము గనుక ఇడ్లీపిండి రుబ్బు గ్రైండరు, దాని రాళ్ళు అందులో చేరియున్నవని వేరుగా చెప్పనక్కరలేదు. మొత్తము 2,100 కిలోలు. ప్రకటన సంఖ్యకు లోపలనే యున్నది; గృహస్థునకు ధైర్యము.

ఇక చీటి లెక్క చూడుడు. నూటికి 12 పాళ్ళ చొప్పున నొగ బరువు సుమారు 250 కిలోలు. దంపతులు 150, బిడ్డలు 80, తాత అవ్వలు 130. కొక్కెపు సామగ్రి, కారులోని పెట్టెలు కలిసి 60. అన్నియు కలిపి 670 కిలోలు. చీటిలో వ్రాసినది 600 అనుకొందము. లాగుటలో మిగులు, మోయుటలో 70 కిలోల అధికము. ఆ 70 కిలోలు ఇంచుమించు ఒక మనిషి బరువు.

మేము చెప్పదలచినది ఈ స్థలముననే యున్నది. ఈ లెక్క కొనుటకు ముందు వేసినచో తగ్గునవి వస్తువులు. కొనిన తరువాత వేసినచో తగ్గువారు మనుష్యులు. ముందే వేసియుండినచో గృహస్థుడు 1,700 కిలోల బండిని మాని 1,100 కిలోల బండిని చూచును. నీటిని 50 లీటర్లు మాత్రము పట్టుకొని తక్కినది విడిదిలో నింపుకొందమనుకొనును. అప్పుడు బండి 1,400, నొగ బరువు సుమారు 170, చీటిమీద మొత్తము 590. ఎడము అత్యల్పమే యైనను ఆరుగురును కారులో నుందురు. ఒక పడక తగ్గును, సోఫా తగ్గును, స్నానపుగది ఇరుకగును. కొనిన తరువాత లెక్క తెలిసినచో, సోఫాను పెరికి పారవేయు వారెవరు? బండి ఇంటిముందు నిలిచియున్నది, వాయిదాలు నడచుచున్నవి. భోజనముల వేళ ఈ మాట వచ్చును. ఎవరును ఎవరిని పొమ్మనరు. అవ్వయే ముందుగా “నాకు మోకాళ్ళ నొప్పులు, అంతదూరము కూర్చుండలేను; నేను ఇంటిపట్టున ఉండెదను లెండి” అనును. “నీకు తోడుగా నేను” అని తాత అనును. అందరికిని కొంచెము కష్టముగా తోచును. కొంచెము తేలికగా కూడ తోచును. ఇంటిబండిని కొనునప్పుడు అవ్వకు సుఖముగా నుండుననియే పెద్దది కొనిరి.

ఇందులో దుర్మార్గుడు ఎవడును లేడు. అదియే ఈ విషయములోని చిక్కు. బిడ్డ తన సైకిలును, భార్య తన పాత్రలను, భర్త తన మడతకుర్చీలను చేర్చిరి. ఒక్కొక్కటి చిన్న వస్తువే. తిరువళ్ళువరు కురళ్‌లో బలము నెఱుగుటకై ఒక అధికారమునే కేటాయించినాడు; అందు 475వ కురళ్‌లో ఆయన ఎత్తిన ఉదాహరణము నెమలియీకల బండి. రాళ్ళబండిని చెప్పలేదు. రాళ్ళు ఎక్కించువాడు ఇరుసును తలచుకొనును. యీకలు ఎక్కించువాడు తలచుకొనడు. ఆయన దీనిని రాజులకు యుద్ధసన్నాహ సందర్భమున చెప్పినాడుగాని, సెలవులకు బయలుదేరు సంసారికి అంతకంటె చక్కగా అన్వయించునని మేము తలంచెదము. పాపము ఆరుగురిలో పంచుకొనబడి ఒక్కొక్కరి భాగమునకు యీకంత వచ్చినప్పుడు, ఎవరికిని అది పాపముగా తోచదు.

ధర్మపురికి పూర్వనామము తగడూరు. ఆయుష్షునిచ్చు ఉసిరికాయను తాను తినక అవ్వైయారుకు ఇచ్చిన అదియమాన్ నెడుమాన్ అంజి ఏలిన యూరు. ఉసిరికాయ కథ అందరెఱుగుదురు. అవ్వైయారు ఆతని కుమారుడైన పొకుట్టెళినిని గూర్చి చెప్పిన పద్యమొకటి పుఱనానూఱులో 102వదిగా నున్నది. అది అంతగా ప్రచారములో లేదు. అందు ఆమె ఆ రాకుమారుని సింహముతోనో సూర్యునితోనో పోల్చలేదు. ఉప్పువర్తకులు దూరదేశములకు బండ్లు తోలుకొనిపోవునప్పుడు, దారిలో ఏమగునో యని ఇరుసు క్రింద కట్టుకొని పోవు రెండవ ఇరుసుతో పోల్చినది. మా దృష్టిలో ఒక రాజకుమారునకు ఇంతకంటె పెద్ద మర్యాద లేదు. మేము గమనింపగోరునది ఆ ఉప్పువర్తకుల లెక్క. ఆ రెండవ ఇరుసునకు కూడ బరువుండును. దానిని కట్టుకొన్న మేరకు ఉప్పు తగ్గించుకొనవలసినదే. లాభము కూడ ఆ మేరకు తగ్గినదే. ఎడము అనునది ఊరక దొరకునది కాదు, దేనినో వదలుకొని కొనుక్కొనవలసినది. సంఖ్య 2,270 అన్నచో 2,270 వఱకు నింపుట నేటి తెలివి. నింపక మిగిల్చిన దానికి విలువ కట్టుట తగడూరు దారిలో ఉప్పు అమ్ముకొన్నవారి తెలివి.

ఈ జిల్లా సేలమునుండి విడివడి యేర్పడినది 1965లో. అదే సంవత్సరమున భారత ప్రభుత్వము బండ్లులాగు పశువులను, బరువుమోయు పశువులను హింసింపకుండుటకు నియమములను చేసినది. ఈ రెంటికిని సంబంధము లేదు. కాని ఆ నియమములు చదువదగినవి. ఎద్దు చిన్నదా, నడితరమా, పెద్దదా యని దాని బరువునుబట్టి తరగతులు చేసి, చక్రమెట్టిదో చూచి, లాగదగిన బరువును నిర్ణయించినారు. దీర్ఘమైన నిట్టయెక్కుడు ఉన్న దారిలో ఆ బరువు సగమే. తోలువాడును ఆఱేండ్లలోపు బిడ్డలును గాక నలుగురికంటె ఎక్కువమంది బండిలో కూర్చుండరాదు. దినమునకు 9 గంటలకంటె ఎక్కువ, విరామము లేక 5 గంటలకంటె ఎక్కువ లాగింపరాదు. వేడి 37 డిగ్రీలు దాటుచోట మధ్యాహ్నము పండ్రెండు మొదలు మూడు గంటలవఱకు కాడి వేయరాదు. చట్టము నిర్ణయించినదంతయు ఎద్దు వైపునుండి ఆరంభమైనది. బండి ఎంత పెద్దదిగా నుండవచ్చునని దానికి చింత లేదు.

చట్టము వచ్చుటకు ఎన్నో తరములకు ముందే ఎక్కుడులో సగము బరువను నియమము ఆచారముగా నుండెను. గూడుబండి కనుమ మొదటికి వచ్చునప్పటికి మగవారు దిగుదురు, వయసుబిడ్డలు దిగుదురు. బాలింతయు ముసలివారును మాత్రము కూర్చుండియుందురు. ఇద్దరు చక్రమునకు భుజము పెట్టుదురు. దిగుడులో చక్రమునకు అడ్డుగా దుంగ కట్టి వేగము నరికట్టుదురు. బలవంతుడు దిగును, బలహీనుడు కూర్చుండును. ఎవరును ఎవరికిని బోధింపకయే అట్లు జరిగెడిది. మోటారు ఇంటిబండి ఈ సదుపాయమును పోగొట్టినది. కొండమీద ఎవరును దిగి తోయలేరు. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచబడి, గాలిని దట్టించు యంత్రము లేని ఇంజనుల బలము తగ్గును గూడ. కనుక ఎవరు దిగవలెనో, ఏది దిగవలెనో ఇంటివద్దనే తేల్చుకొనవలెను. అక్కడ ఎద్దు రొప్పుట వినబడదు గదా. వినబడనిచో దిగువారు ఎవరు?

దిగుడు సంగతి తెలియగోరువారు అమెరికా పోనక్కరలేదు. ధర్మపురినుండి సేలమునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారిమీద తొప్పూరు కనుమ కలదు. ఉత్తరదేశమునుండి బరువులతో వచ్చు లారీలు అక్కడ దిగవలెను. డీజిలు ఆదా చేయుటకై కొందరు చోదకులు గేరు తప్పించి బండిని దానంతట దిగనిత్తురు. అప్పుడు ఇంజను బండిని పట్టియుంచదు. వేగమంతయు బ్రేకులమీదనే పడును. అవి కాలి పట్టు తప్పును. అట్టి లారీ ముందున్న కారులను నుగ్గుచేసిన దుర్ఘటనలు ఆ కనుమలో అనేకములు జరిగినవి. ఒక గరిటెడు నూనె మిగుల్చుకొనబోయినవాడు ముందు కారులోని కుటుంబమును తలచుకొనియుండడు. ఇంటిబండి లాగు గృహస్థుడును దిగుడులో ఒక చిన్న లారీ చోదకుడే. ఇంటిబండికి దాని బ్రేకులు దానికుండవలెననియు, అవి కారు పెడలుతోపాటు పనిచేయవలెననియు అందుకే చెప్పుదురు. బేరములో దీనిని తగ్గించుకొనువారిని గూర్చి మేము వినియున్నాము. సోఫా గుడ్డ రంగును మాత్రము వారు తగ్గించుకొనలేదు.

ఎద్దునకు నొప్పి కలదు, కారునకు నొప్పి లేదు, ధర్మశాస్త్రమును ఇనుమునకు వర్తింపజేయుట ఏమని యడుగువారుందురు. నిజమే. కారునకు నొప్పిలేదు, అందుచేతనే విచారము మఱింత కావలసియున్నది. ఎద్దు మొరాయించును, కాలు మడచి కూలబడును, కనీసము కన్నీరు పెట్టును. దాని నొప్పి మనకు హెచ్చరికయై మనలనే రక్షించెను. యంత్రము విరుగువఱకు నవ్వుచుండును. “పదిసార్లు పోయి వచ్చితిమి, ఏమియు కాలేదు” అనువారికి మా సమాధానము, ఇరుసు పదిసార్లు విరుగదు, ఒక్కసారియే విరుగును.

ఇంకొకరు, ఇంత గోల యెందుకు, పెద్ద లారీనే కొనుక్కొన్న చాలదా యనెదరు. ఇది బలమైన వాదము. పెద్దబండిని ప్రేమించుట పాపము కాదు, సుఖము కోరుట తప్పు కాదు. కొనగలిగినవాడు లాగగల దానిని కొని, పెద్ద ఇల్లు తగిలించుకొనినచో మాకు అభ్యంతరము లేదు. కాని లాగుబండిని లాగువాడెవడు? ఇంటిబండికి అమెరికాలో పది పదునైదేండ్ల అప్పు దొరకును. లారీకి వేఱొక అప్పు. సంవత్సరములో మూడువారములు తిరుగుటకు, తక్కిన నలువదితొమ్మిది వారములు ఒకడు అదనపు పని చేయుచుండును. ఆతని మెడమీద కాడి కనబడదు. ఆతనికిని ఒక చీటి అంటించియుండినచో ఎంత బాగుండెడిది! ఆతడు సెలవులో ఎనిమిదిగంటలు చోదకము చేసి, విడిదిచేరి, నీళ్ళగొట్టము తగిలించి, మురుగుతొట్టి ఖాళీచేసి కూర్చుండునప్పటికి, ఇల్లాలు ఇంటివద్ద వండినట్లే ఇక్కడను వండుచుండును, ఇంతకంటె ఇరుకైన పొయ్యిమీద. ఇంటిని వెంటబెట్టుకొని పోయినప్పుడు ఇంటిపని కూడ వెంటవచ్చునని ప్రకటనలో వ్రాయరు.

దీనికి మన రైతు ఎఱిగిన ఉపాయమొకటి కలదు. జోడిలో ఒక ఎద్దు బలహీనమైనప్పుడు ఆతడు రెండవదానిని కొట్టి పరుగెత్తింపడు, దీనిని అమ్మివేయడు. కాడికి నొగను కట్టు మోకును నడిమినుండి రెండు మూడు వ్రేళ్ళు బలమైన ఎద్దు వైపునకు జరిపి కట్టును. త్రాసుదండము లెక్కయే ఇది. దగ్గఱగా నున్న దానిమీద బరువెక్కువగును, దూరమైనదానికి తగ్గును. చూచువారికి రెండెద్దులును సమముగా నడచుచున్నట్లే కనబడును. కాడి పొడవు మారలేదు, బండి మారలేదు, బరువును మారలేదు. మోకు ముడి మాత్రము కొంచెము జరిగినది. ఎద్దులకు ఈ సంగతి తెలియదు. కుటుంబమునందు ఆ ముడిని ఎవరు జరుపవలెను? బలవంతుడే తనవైపునకు జరుపుకొనవలెను. బలహీనుడు అడుగడు, అడిగినను వానికి చేయి అందదు. వయసు వచ్చిన కుమారుడు ఒకపూట వంట తనది యనినచో, తండ్రి సగముదారి తల్లిని చోదకము చేయనిచ్చి ప్రక్కను కూర్చుండి పిల్లల తగవులు తీర్చినచో, ముడి రెండు వ్రేళ్ళు జరిగినట్లే.

ఇక పిల్లలు ఫోనులో అడిగినప్పుడు ధర్మపురి పెద్దలు చెప్పదగిన మాట చిన్నది. ఇంటిబండి అంగడికి పోవుటకు ముందు ఒక ఆదివారము లారీలు తూచు కాటాకు పొండు. అట్టివి మన రహదారుల ప్రక్కను ఉన్నవి, అమెరికాలోను ఉన్నవి, కూలి స్వల్పము. ప్రయాణమునకు పోవు పెట్టెలన్నియు కారులో పెట్టుడు. పోదలచినవారందరును ఎక్కుడు. వచ్చిన బరువునుండి ఉత్త కారు బరువును తీసివేసి, తలుపుచీటిలోని సంఖ్యనుండి ఆ మిగులును తగ్గించుడు. శేషించినదే మీరు కొనదగిన నొగ బరువు. దానిని ఎనిమిదింతలు చేసినచో నిండిన ఇంటిబండి బరువు తేలును. అంతకంటె కొంచెము తక్కువ చూచుకొనుడు. కాటామీద కారు నిలిచినప్పుడు తూచువాడు, ఒక్క మనిషివలన లెక్క ఏమంత మారదు, ఎండలో ముసలమ్మ ఎందుకు, నీడకు దిగుమనవచ్చును. అవ్వను దింపకుడు.